లారీల రోడ్డు మీద ఎర్రదారం

మా లైన్ల పిల్లలు, అంటే రేవు కూలీల ఇళ్ల వరసల్లోని పిల్లలు, కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "తాతా, నువ్వు తాబేళ్ల ఆఫీసులో పని సేసేవోడివంట కదా?" అలాంటి ఆఫీసు లోకంలో ఎక్కడా లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. నేను పనిచేసింది పంపుల దగ్గర. కలకత్తా రేవు పక్కన, వాట్‌గంజ్ నుంచి మెటియాబ్రుజ్ వెళ్లే దారిలో, గోదాములున్న ఒక సంస్థ ఉండేది. పేరెందుకు లెండి. వానాకాలంలో ఆ గోదాముల్లోకి నీళ్లు చేరకుండా తోడిపోయడం నా ఉద్యోగం. సర్వీసంతా అదే చేశాను, చెడ్డపేరు రాకుండా చేశాను. దాని గురించి ఒక్కడూ అడగడు. ఒక్క వానాకాలం తాబేళ్ల వెనక తిరిగాను, అదే నిలిచిపోయింది.

సరే, అడిగారు కాబట్టి రాస్తున్నాను. మీలో సగంమందికి తెలుగు చదవడం రాదని తెలుసు. వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి. మధ్యలో నవ్వొస్తే ఆగి నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అవి తొంభైలు. వీధివీధికీ ఎర్రజెండా ఎగిరే రోజులు. మా లైన్లకి తూర్పున లారీల రోడ్డు, అది దాటితే గోదాముల గోడ వెనక పాత చెరువు. గుర్రపుడెక్క నిండిపోయి, ఈ పేటలోని దోమలన్నిటికీ పుట్టిల్లుగా ఉండేది. పడమటి వైపు రైలు పట్టాల పక్కన ఇంకో చెరువు ఉండేది. పాత చెరువును పూడ్చేసి కంటైనర్లు పెట్టుకునే యార్డు కట్టాలని సంస్థ అనుకుంది. అంతలో ఆ చెరువులో తాబేళ్లున్నాయని ఎవరో అటవీశాఖ చెవిన వేశారు. మెత్తటి పెంకు, పొడుగాటి ముక్కు, ముట్టుకుంటే కాళ్లూ తలా లోపలికి లాక్కొని తలుపులు మూసేసుకునే రకం. వాటికి హాని చేస్తే చట్టం ఊరుకోదు.

అటవీశాఖవాళ్లు షరతు పెట్టారు. తాబేళ్లను పట్టి పడమటి చెరువులో వదలాలి. వానాకాలమంతా వాటి నడవడి గమనించాలి. అక్కడే కుదురుకుంటే పాత చెరువు పూడ్చుకోవచ్చు. తమంతట తాము తిరిగొచ్చేస్తే మాత్రం చెరువు జోలికి వెళ్లకూడదు. ఎందుకంటే అవి వస్తూనే ఉంటాయి, బూడిదా రాళ్లూ పోస్తుంటే వాటి కింద పడి చచ్చిపోతాయి.

గమనించే పనికి కాలేజీలో పరిశోధన చేస్తున్న ఒక బెంగాలీ అమ్మాయిని పెట్టారు. కళ్లద్దాలు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, భుజాన గుడ్డసంచి. మేమందరం దీదీ అనేవాళ్లం. ఆమెకు తోడుగా ఒక మనిషిని ఇవ్వాలనేసరికి మేమంతా దాదా అని పిలిచే మా యూనియన్ నాయకుడు అడ్డం తిరిగాడు. తాబేలు మొయ్యడం ఏ గ్రేడు పనో ముందు తేల్చమన్నాడు. రెండు మీటింగులు జరిగాయి, చాలా టీ ఖర్చయింది. చివరికి, నీళ్లలో ఉండేది కాబట్టి తాబేలు పంపుల సెక్షన్ కిందికి వస్తుందని నిర్ణయించారు. పైగా లైన్లలో తెలుగూ బంగ్లా రెండూ తడుముకోకుండా మాట్లాడేవాణ్ని నేనే. అలా నేను తాబేళ్ల మనిషినయ్యాను.

పట్టడం, మార్చడం పెద్ద కష్టం కాలేదు. చెరువు నీళ్లు తోడడం నాకు చేతనైన పనే. తాబేళ్లను గోనెసంచుల్లో పెట్టి తోపుడుబండి మీద పడమటి చెరువుకు తీసుకెళ్లి వదిలాం. కొన్ని నన్ను కరిచాయి. వాటి తప్పేం లేదు.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. వాన పడినప్పుడు తాబేళ్లు గట్టెక్కి నడుస్తాయట. ఎటు నడుస్తాయో తెలియాలి. దానికి దీదీ దగ్గర ఒక ఉపాయం ఉంది. ఫొటో రీళ్లొచ్చే చిన్న డబ్బాలో దారపుండ పెట్టి, గట్టెక్కిన తాబేలు వీపు మీద వెనకవైపు అతికిస్తుంది. దారం కొసను ఒక మేకుకు కడుతుంది. తాబేలు నడిచిన కొద్దీ దారం ఊడుతూ వస్తుంది. తెల్లారాక ఆ దారం వెంట నడుస్తూ దీదీ కాగితం మీద దాని దారి గీస్తుంది. దారాలకి మెటియాబ్రుజ్‌లో కరువా? అక్కడ ఇంటికో కుట్టుమిషను. నేను వెళ్లి కళ్లకి బాగా కనిపించే రంగు కావాలంటే, ఒక దర్జీ చిన్నపిల్లల గౌన్లకి తెచ్చుకున్న ఎర్రదారం ఇచ్చాడు.

మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు దీదీ, నేను దారం పట్టుకొని బయలుదేరాం. దారం గట్టు దిగింది, గడ్డిలో నడిచింది, తిన్నగా మా లైన్ల వైపు వచ్చింది. అక్కడ దారం పైకి లేచింది. మొదటి ఇంటి చూరుకు ఎక్కింది. అక్కడినుంచి బట్టలారేసే తాడు మీదుగా చేతిపంపు దాకా వెళ్లి, పంపు పిడికి రెండుసార్లు చుట్టుకొని, ఎదురింటి గుమ్మం పైనుంచి పోయింది. దీదీ తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"దాదా, ఈ జాతి ఎక్కగలదని ఎక్కడా చదవలేదే" అంది నాతో.

చదవకపోయినా గీసుకుంది, పాపం. తాబేలు బట్టల తాడు మీద నడిచిన పటం అది. ఇప్పుడు తలుచుకున్నా నాకు నవ్వాగదు.

నేను ఇంటికి వెళ్లేసరికి మా గుమ్మానికి కూడా ఎర్రదారం ఉంది. మా అత్త ముంజేతికి ఇంకో చుట్టు ఉంది. మా అత్తంటే నా భార్య తల్లి, మా ఇంట్లోనే ఉండేది. మనిషి సన్నం, గొంతు లావు. లైన్లలో ఆడవాళ్లందరికీ ఆవిడ మాటే మాట.

"అత్తా, ఈ దారం ఎవలు కట్టినారు?"

"నానే. స్వామి దారం బాబూ. నేల మీద పడుంటే పిల్లగుంటలు తొక్కేత్తన్నారు, దాటేత్తన్నారు. పాపం కాదేటి? అందుకని తలొక సేయీ యేసి పైకి కట్టీసినాం."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పెద్దలంతా శ్రీకాకుళం తీరం నుంచి రేవు పనికి వచ్చినవాళ్లు. మా వైపు తాబేలంటే సాక్షాత్తూ కూర్మనాథస్వామి. శ్రీకూర్మం వెళ్లినవాళ్లు గుడిలో తాబేళ్లకి ఆకుకూర పెట్టి, దండం పెట్టుకొని వస్తారు. ఇక కలకత్తాలో వానపొద్దున, మనం వెళ్లకుండానే స్వామి నడుచుకుంటూ గుమ్మంలోకి వస్తే, అదీ వెనకాల ఎర్రదారంతో వస్తే, మా అత్త ఊరుకుంటుందా? పసుపు రాసింది, బొట్టు పెట్టింది, తోటకూర పెట్టింది. ఆయన తినలేదు. ఆయన తినేది నత్తలూ చేపలూ అని నాకు తెలుసు గానీ ఆ మాట అత్తతో అనే ధైర్యం నాకు లేదు.

దీదీకి సంగతి చెప్పాను. ఆ పిల్ల కోప్పడలేదు, నేల మీద చతికిలబడి నవ్వింది. మర్నాడు స్వయంగా మా ఇంటికి వచ్చి పీట మీద కూర్చుంది. దారమంటే తాబేలు తన చేత్తో రాసుకునే ఉత్తరం లాంటిదనీ, దాన్ని కదిలిస్తే అది చెప్పేది తనకు అర్థం కాదనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆడవాళ్లు శ్రద్ధగా విన్నారు. ఇకమీదట దారం ముట్టుకోబోమని కూర్మనాథుడి మీద ఒట్టు వేశారు. దీదీకి చేగోడీలు పెట్టారు.

ఒట్టంటే ఒట్టే. ఆ తర్వాత దారాలు బుద్ధిగా నేల మీదే ఉన్నాయి. పడమటి చెరువు గట్టు నుంచి మా లైన్ల మధ్యగా, లారీల రోడ్డు దాటి, గోదాముల గోడ కింది తూము గుండా పాత చెరువులోకి. ఒకటి, రెండు, ఇలా వాన పడ్డప్పుడల్లా. దీదీ సంతోషానికి హద్దు లేదు. తను పుస్తకాల్లో చదివిందేదీ దీని ముందు నిలవదంది. తాబేలు తన చెరువును మరిచిపోదని రుజువైందనీ, పాత చెరువు బతికిపోయిందనీ నాకు ఒక రసగుల్లా కుండ కొనిచ్చింది. సగం మా అత్త తినేసింది.

పాత చెరువు పూడ్చే బాధ్యత ఉన్న ఇంజనీరు సాహెబు అప్పుడు వచ్చాడు. ఆయనా బెంగాలీయే, యాభై దాటిన బొజ్జ మనిషి. ఎంత బురదలోనైనా తెల్ల ప్యాంటే తొడుక్కొని, ఎప్పుడూ కడుపుమంటకి బిళ్లలు చప్పరిస్తూ ఉండేవాడు. చెడ్డవాడని చెప్పను. కానీ ఒకసారి ఆయన నా పంపు చప్పుడు విని లోపలి బేరింగు పోయిందని బయటినుంచే చెప్పేశాడు, అప్పటినుంచీ నాకు ఆయనంటే కాస్త మంట. ఆయన లారీల రోడ్డు అంచున నిలబడి, అటూ ఇటూ పోయే లారీలను చూశాడు. తర్వాత దారాన్ని చూశాడు.

"పగలూ రాత్రీ లారీలు తిరిగే రోడ్డు. ఇన్ని తాబేళ్లు దాటాయి. ఒక్కటీ నలగలేదా?" అన్నాడు దీదీతో.

సాహెబు నావైపు తిరిగి లైన్ల ఆడవాళ్లని అడగమన్నాడు. నేను అడగనక్కర్లేకపోయింది. మా అత్తకి బంగ్లా మాట్లాడడం రాదు గానీ అర్థమైపోతుంది. తనే ముందుకొచ్చి గర్వంగా చెప్పింది.

"ఎలగ నలుగుతాది? రోడ్డంచుకొచ్చి మెడ సాపుకొని నిలబడిపోతాది. లారీలు ఆగవు. నాము ఎత్తుకెల్లి అవతలి పక్క తూము కాడ దిగబెట్టీనాం. రేత్రీ పగలూ ఎవులో ఒకలం కాపలా ఉంతాం. దారం ముట్టుకోలేదు, ఒట్టు. దారం ముట్టుకోవద్దంది గానీ స్వామిని ముట్టుకోవద్దందేటి?"

సాహెబు నా మొహం వంక చూశాడు, చెప్పమని. దీదీ కూడా చూసింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే దీదీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"అంటే ఇవి తిరిగి రాలేదు. వీటిని తిరిగి తీసుకొచ్చారు" అన్నాడు సాహెబు. "దుర్గాపూజ సెలవులవగానే పూడ్చడం మొదలుపెడతాం."

ఆ మాట అత్తకి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ అక్కడే రోడ్డంచున కూర్చుండిపోయింది.

"నా సేతుల్తో ఎత్తుకెల్లి నానే సంపుకున్నట్టేటి బాబూ?" అంది. ఆవిడ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

దీదీ మాత్రం సాహెబును వదల్లేదు. ఆయన గది ముందు బెంచీ మీద రోజూ కూర్చునేది. లైన్లు దాటి రోడ్డు దాకా తాబేళ్లు వాటంతట అవే వచ్చాయి కదా అంటుంది. రోడ్డు దాకా రావడం వేరు, రోడ్డు దాటడం వేరు అంటాడు ఆయన. చివరికి విసిగిపోయి ఒక మాట ఇచ్చాడు. ఒక్క తాబేలు, ఎవరి చెయ్యీ పడకుండా, తన కళ్లముందు రోడ్డు దాటి పాత చెరువులోకి పోతే, చెరువు పూడ్చనని అటవీశాఖకు తనే రాస్తానన్నాడు.

లారీల మధ్య తాబేలును నడవమని వదిలేస్తే అది పరీక్ష కాదు, హత్య. రోడ్డు ఖాళీ కావాలి. రోడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఈ ప్రశ్న వేరే ఊళ్లో అయితే కష్టమే. కలకత్తాలో కాస్త ఓపిక పడితే చాలు, ఎవరో ఒకరు బంద్ పిలుస్తారు.

పిలిచారు. ఎవరు పిలిచారో, దేనికి పిలిచారో నాకిప్పుడు గుర్తులేదు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చక్రం కదలకూడదు. లారీలన్నీ రేవు గేటు లోపల బారులు తీరి నిలబడిపోయాయి. బంద్ రోజున సాహెబు తనిఖీ చేస్తే అది పనిచేసినట్టవుతుందని యూనియన్ దాదా మొదట గొణిగాడు. సాహెబు కుర్చీలో కూర్చొని చూస్తాడే తప్ప ఏమీ చెయ్యడని నేను నచ్చజెప్పాను. అయితే ఆఫీసులో రోజూ చేసేదే కదా అని దాదా ఒప్పుకున్నాడు.

అదృష్టం కొద్దీ పొద్దున్నుంచీ వాన. లైన్లన్నీ రోడ్డంచుకు వచ్చి నిలబడ్డాయి. రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నవాళ్లు కూడా వికెట్లు పీకేసి పక్కకి జరిగారు. సాహెబు గొడుగు కింద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎవరూ తాబేలును తాకబోమని అందరి చేతా మాట తీసుకున్నాడు. మా అత్తని మాత్రం ఆయన నమ్మలేదు, ఆవిడ పక్కన నన్ను నిలబెట్టాడు. నేను నిలబడ్డాను గానీ, ఆవిడ బయలుదేరితే ఆపగలనని నాకే నమ్మకం లేదు.

మధ్యాహ్నం దాటాక ఒకటి వచ్చింది. పెద్దది. వీపు మీద డబ్బా, వెనక ఎర్రదారం. లైన్ల మధ్యగా తీరుబడిగా నడుచుకుంటూ వచ్చి రోడ్డంచున ఆగి, మెడ చాపి అటూ ఇటూ చూసింది. తర్వాత తారు మీద కాలు పెట్టింది. నడిచింది. సరిగ్గా రోడ్డు మధ్యకి వచ్చి, కాళ్లూ తలా లోపలికి లాక్కొని కూర్చుంది.

కూర్చుందంటే ఇక కదల్లేదు. ఇంతమంది జనాన్ని చూసి బెదిరిందని దీదీ అంది. బంద్‌లో పాల్గొంటోందని యూనియన్ దాదా అన్నాడు, ఎవరూ నవ్వలేదు. మేం వెనక్కి జరిగాం, గొంతులు తగ్గించాం. వాన తగ్గింది, మళ్లీ పట్టుకుంది. సాహెబు బిళ్ల మీద బిళ్ల చప్పరించాడు. మా అత్త రెండు చేతులూ కొంగులో చుట్టుకొని లోలోపల స్వామిని తిడుతోంది. దండకమో తిట్టో మొదట నాకూ తెలియలేదు గానీ దగ్గరగా వింటే తిట్టే.

వెలుతురు తగ్గింది. రేవు గేటు దగ్గర ఒక ఇంజను స్టార్టయింది. తర్వాత ఇంకొకటి. బంద్ అయిపోయింది. దీదీ యూనియన్ దాదా చెయ్యి పట్టుకొని, "దాదా, ఇంకొక్క పావుగంట ఆపండి" అంది. "బంద్ పొడిగించాలంటే పైనుంచి ఆర్డరు రావాలి" అన్నాడాయన. పాపం, ఆయన మొహం కూడా పాలిపోయింది.

మొదటి లారీ దీపాలు రోడ్డు మలుపులో కనిపించాయి. అప్పుడు తాబేలు తల బయటపెట్టింది. పాత చెరువు వైపే మెడ చాపి, ఒక్క అడుగు వేసి, లారీ చప్పుడుకి మళ్లీ లోపలికి లాక్కుంది.

"సాయెబూ, ఒక్క మాట సెప్పండి, నానెల్తాను" అంది మా అత్త. నేను అప్పటికే బంగ్లాలో చెప్పేస్తున్నాను. ఎత్తితే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే చెరువు పోతుంది. ఎత్తకపోతే కళ్లముందే ఇది పోతుంది. సాహెబు లారీ దీపాలనే చూస్తున్నాడు. మా అత్త భుజం బిగుసుకోవడం నాకు తెలిసింది. నేను పక్కకి తప్పుకున్నాను.

ఆవిడ కంటే ముందు కుర్చీ పడిపోయిన చప్పుడు వినిపించింది. సాహెబు గొడుగు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో ఆయన అంత వేగంగా పోగలడని నేను అనుకోలేదు. ఒక చెయ్యి లారీకి అడ్డంగా ఎత్తి, రెండో చేత్తో తాబేలును ఎత్తి పొట్టకి అదుముకున్నాడు. అది ఊరుకుంటుందా? ఆయన తెల్ల ప్యాంటు మీద కావలసినంత పోసేసింది. లారీ కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి హిందీలో ఆయన వంశాన్ని పలకరించాడు. సాహెబు అవతలి అంచున కూడా ఆగలేదు. గేటు తోసుకొని గోడ వెనక్కి పోయాడు. మేమందరం వెనకాలే పరుగెత్తాం. ఆయన పాత చెరువు గట్టున మోకాళ్ల మీద కూర్చొని, తాబేలును నీళ్లలోకి వదిలి, అది మునిగేదాకా చూశాడు. ఎర్రదారం ఆయన చొక్కా గుండీలకి చుట్టుకుపోయి ఉంది.

అది చూసి నాకు ఏడుపొచ్చింది. బేరింగు సంగతి ఆ క్షణంలోనే క్షమించేశాను. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోసి, "పసుపైనా రాయనివ్వకండా ఒగ్గీసినాడు" అని సణిగింది. అది మాత్రం నేను అనువాదం చెయ్యలేదు.

"సార్, మీరు తాకారు. పరీక్ష చెల్లదు కదా" అంది దీదీ, అంత నిజాయితీ పిల్ల.

"చెల్లదు" అన్నాడు సాహెబు, ప్యాంటు పిండుకుంటూ.

అయినా చెరువు పూడ్చలేదు. సంస్థ యార్డును ఇంకోవైపుకి జరుపుకుంది. రోడ్డు కిందుగా ఒక తూము కూడా వేయించారు, తవ్వుతున్నప్పుడు నీళ్లు తోడింది నా పంపే. దీదీ అటవీశాఖకు ఇచ్చిన నివేదికను నాకు చదివి వినిపించింది. అంతా తాబేళ్ల గురించే ఉంది, ఒక్క ఆఖరి ముక్క తప్ప. "తాబేలు ఈ రోడ్డును తనంతట తాను దాటగలదో లేదో తేల్చడం సాధ్యపడలేదు. అది దాటేదాకా చూస్తూ ఊరుకునే మనిషి ఈ ప్రాంతంలో దొరకలేదు" అని రాసింది. దాని కింద ఇంజనీరు సాహెబు సంతకం పెట్టాడు.